పంపని కావలివాడు

మహాలక్ష్మి కాటా గదిలో కూర్చుని ఎవరికో ఏదో పంపుతోందని మొదట అన్నది లింగమ్మ. లింగమ్మ అన్నదని చెప్పింది సీతమ్మ. సీతమ్మ చెప్పిందని ఊరంతా చెప్పుకుంది. లింగమ్మ కళ్ళారా చూసింది మాత్రం ఇంతే. మాచర్ల రోడ్డు మీది నాపరాళ్ళ యార్డులో లోడు లారీ ఒకటి కాటా మీద నిలబడి ఉంది. దాని తూకం చూడాల్సిన మహాలక్ష్మి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, "పంపుతున్నా తమ్ముడూ, ఆగు, పంపుతున్నా" అంటూ నవ్వుతోంది. సీతమ్మ నోటికి వచ్చేసరికి ఆ తమ్ముడు కాస్తా తమ్ముడు కాకుండా పోయాడు. ఇంకో రెండిళ్ళు దాటేసరికి పంపేవి ఫొటోలయ్యాయి. పై వీధికి వెళ్ళేసరికి మెళ్ళో గొలుసయింది. గొలుసు ఆవిడ మెళ్ళోనే ఉన్న సంగతి ఎవరూ చూసిన పాపాన పోలేదు.

మహాలక్ష్మి మొగుడు ఆంజనేయులు లారీ డ్రైవరు. ఆ మాట అతనికి ఊళ్ళోకి రాకముందే, దాచేపల్లి దగ్గర టీ కొట్లో అందింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాడు. మహాలక్ష్మి గొంతు పెంచలేదు. ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆట అంది. కార్డుల ఆట అంది. పేకాటా అన్నాడు అతను. పేకాటైతే నువ్వు నాకు నేర్పేవాడివిగా అంది ఆవిడ. ఆంజనేయులు చెప్పులు విప్పి కూర్చున్నాడు.

ఆ ఆట పేరు దండు. విడతకొకసారి ఫోనులో ఒక అంగడి తెరుచుకుంటుంది. అందులో విలుకాళ్ళు, వేటకుక్కలు, రథాలు, ఏనుగులు కార్డులుగా కనిపిస్తాయి. మన దగ్గరున్న వరహాలతో కావలసినవి కొనుక్కుని, ఏడింటిని ఒక వరుసలో నిలబెట్టుకోవాలి. టైము అయిపోగానే మన వరుసా అవతలివాడి వరుసా వాటంతట అవే కొట్టుకుంటాయి. మన చెయ్యి పడేదంతా బరిలోకి దించే ముందే. దించాక పుంజును వదిలినవాడిలా గట్టు మీద నిలబడి చూడటమే. ఒకే రకం కార్డులు మూడు దొరికితే అవి కలిసి ఒక బంగారు కార్డవుతుంది. ఓడినప్పుడల్లా ప్రాణం తగ్గుతుంది, ప్రాణం అయిపోయినవాడు ఆట నుంచి పోతాడు.

ఇద్దరిద్దరు జత కట్టి కూడా ఆడవచ్చు. జతలో ప్రాణం ఇద్దరికీ ఒకటే, వరుసలు మాత్రం వేరు. విడతకు ఒక కార్డు చొప్పున ఒకరు రెండోవారికి పంపుకోవచ్చు. రెండు వరుసలూ ఒకేసారి పోట్లాడతాయి. ముందు గెలిచిన వరుసలో ఎవరైనా మిగిలితే, వాళ్ళు పరిగెత్తుకెళ్ళి జతగాడి వరుసకు సాయం పడతారు.

మహాలక్ష్మి జతగాడు ప్రదీప్, ఎదురింటి సుందరరావు మాస్టారి కొడుకు. హైదరాబాదు కంపెనీ పని ఇంట్లో కూర్చునే చేస్తాడు. ఆవిడ మాచర్లలో డిగ్రీ చదివి, యార్డులో కంప్యూటరు కాటా చూస్తుంది. వచ్చిన లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూచి చీటీ ఇవ్వడం పని. లారీకీ లారీకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నేర్చిన ఆట అది. జత కట్టిన రోజు నుంచీ వాళ్ళ పద్ధతి ఒకటే. ప్రదీప్ అడుగుతాడు, ఆవిడ పంపుతుంది. అక్కా, ఆ విలుకాడిని పంపు. అక్కా, ఆ రథం నా దగ్గరుంటే బాగుంటుంది. ఆవిడ అంగడిలోకి మంచి కార్డు వచ్చిందంటే అది ఆవిడ దగ్గర ఒక విడత కూడా నిలవదు. అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తినడం ఆవిడకు ఇంట్లో అలవాటే. ఆటలోనూ అలాగే మిగిలినవాటితో వరుస నిలబెట్టుకుని, చావకుండా నెట్టుకొచ్చేది. గెలిచినప్పుడు మా ప్రదీపు గెలిచాడని సుందరరావు మాస్టారు చర్చి దగ్గర పదిమందికి చెప్పేవారు. పంపిన చెయ్యి ఎవరిదో ఆయనకూ తెలియదు.

అలా గెలుస్తూ గెలుస్తూ ఇద్దరూ రాష్ట్రం మొత్తం మీద చివరి ఆట దాకా వచ్చారు. అది వచ్చే ఆదివారం. అందులో గెలిచిన జత విజయవాడ వెళ్ళి, పెద్ద హాల్లో జనం ముందు కూర్చుని ఆడుతుంది.

ఇదంతా విని ఆంజనేయులు ఫోను తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. తర్వాత తేల్చాడు.

"ఆ ఆదివారం ఆటేందో నా ముందర ఆడు. గెలిస్తే విజయవాడ పో, నేనే బస్సెక్కిస్తా. ఓడితే మటుకు ఇంక ఈ ఇంట్లో ఆ ఆట మాట ఎత్తొద్దు."

మహాలక్ష్మి సరేనంది. అంతటితో ఊరుకోకుండా లింగమ్మ గుమ్మం దాకా నడిచి వెళ్ళింది. లింగమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది.

"అత్తా, ఆదివారం మజ్జానం కాటా కాడికి రా. నేను ఎవురికి ఏం పంపుతన్నానో దగ్గిర కూచుని చూద్దువు గానీ. దూరం నించి నీకు సరిగ్గా ఆనినట్టు లేదు."

నాకెందుకమ్మా, ఎవరి గోల వాళ్ళది అంది లింగమ్మ చేటలోంచి తలెత్తకుండా. ఆదివారం అందరికంటే ముందు వచ్చి, కాటా గదిలో చేతులున్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నదీ ఆవిడే.

ఆట కాటా గదిలో పెట్టుకున్నది అక్కడ నెట్టు తెగదు కాబట్టి. యార్డు యజమాని బ్రహ్మం సెలవు రోజున తాళం తీసి, ఇదేదో చూద్దామని తనూ స్టూలు లాక్కున్నాడు. ప్రదీప్ ల్యాప్‌టాపు తెచ్చి బల్ల మీద ఒక పక్క పెట్టాడు. రెండో పక్క కాటా కంప్యూటరులోనే మహాలక్ష్మి ఆట తెరిచింది. ఆంజనేయులు తలుపు దగ్గర నిలబడ్డాడు, అవసరమైతే వెళ్ళిపోవచ్చన్నట్టు.

మొదట్లో అంతా పద్ధతి ప్రకారమే నడిచింది. ప్రదీప్ అడిగాడు, ఆవిడ పంపింది. ప్రతిసారీ లింగమ్మ ముందుకు వంగి, ఇప్పుడు పంపిందేంది అని అడిగింది. విలుకాడు అని చెప్పారు. మళ్ళీ వంగింది. రథచక్రం అని చెప్పారు. కాసేపటికి ఆవిడకు పాపం విసుగు పుట్టింది. ఊరంతా చుట్టి వచ్చిన కథలో ఇన్ని చక్రాలు ఉంటాయని ఆవిడ అనుకోలేదు.

ప్రదీప్ ఆశంతా ఒక ఏనుగు మీద. ఆట మొదట్లో దొరికిన ఆ ఏనుగుకు వచ్చిన బలమంతా పోసి పెంచాడు. అది వరుస మధ్యలో నిలబడితే పక్కన ఉన్నవి బొమ్మల్లా కనిపించాయి. బ్రహ్మానికి అది తెగ నచ్చింది. జత అన్నాక ఒకటి అట్టుండాల, రెండోది దాని పక్కన నడిస్తే చాలు అన్నాడు.

ఆయనకు ఆ మాట అనే హక్కు ఉందని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. ఒకప్పుడు ఆయనకు బండలాగుడు పందేల కోసం పెంచిన ఒంగోలు ఎడ్ల జత ఉండేది. కాడికి కుడిపక్కన కట్టే వలపటెద్దు అంటే ఆయనకు ప్రాణం. ఉడకబెట్టిన ఉలవలు, గుడ్లు, బాదంపప్పు అన్నీ దానికే. ఎడమపక్కన కట్టే దాపటెద్దుకు మిగిలింది పడేసేవాడు. గురజాల పందెంలో బండ సగం దూరం పోయాక కాడి ఒక పక్కకు ఒరిగింది. దాపటెద్దు మోకాళ్ళ మీద కూలబడింది. మొండిది, లాగలేదు అని ఊరంతా దాన్నే తిట్టింది. బ్రహ్మం ఆ వారమే దాన్ని అమ్మేశాడు. కొన్నవాడు లారీకెక్కించే ముందు తూకం అడిగితే, ఆ ఎద్దును ఇదే కాటా మీద నిలబెట్టి తూచింది మహాలక్ష్మి. పందెపు ఎద్దుకు ఉండాల్సిన బరువు దానికి లేదు. చీటీ రాసి ఇచ్చింది.

విడతకొక జతతో తలపడే ఆ ఆటలో ఒక్కొక్క జతే రాలిపోయి చివరికి రెండు మిగిలాయి. ఒకటి వీళ్ళది, రెండోది ఎవరో నెల్లూరు వాళ్ళది. రెండు జతలకూ ప్రాణం దారంలా ఉంది. ఈ విడతలో ఓడినవాళ్ళు ఇంటికే.

అంగడి తెరుచుకుంది. మహాలక్ష్మి ముందు అంగడి వంక చూడలేదు. కిందటి విడతలో నెల్లూరు వాళ్ళు మూడో జతను ఎలా పడగొట్టారో చూసిందే మళ్ళీ గుర్తు చేసుకుంది. వాళ్ళ రెండు వరుసల్లోనూ తేళ్ళూ పాములూ ఉన్నాయి. ఒళ్ళు చిన్నది, గట్టిగా తగిలితే చస్తాయి. కానీ వాటి కాటు విషం. కాటు ఒంటికి తగిలిందా, ఎదుట ఎంత పెద్దదున్నా అక్కడికక్కడే పోతుంది. ఆ మూడో జతకూ ప్రదీప్ ఏనుగంత ఏనుగు ఉండింది. ఒక తేలు తాకింది, ఏనుగు లేదు. అప్పుడు ప్రదీప్ అంగడిలో బేరం చూసుకుంటున్నాడు, అటు చూడలేదు.

విషాన్ని ఆపేది డాలు ఒక్కటే. డాలున్న కార్డుకు తగిలిన మొదటి దెబ్బ, అది ఏ దెబ్బైనా, డాలును విరగ్గొట్టి వృథా అయిపోతుంది. ఆవిడ వరుసలో బంగారు కావలివాడు ఒకడున్నాడు. పోరు మొదలవగానే తన వరుసలో నిలబడ్డ అందరికీ తలా ఒక డాలు ఇస్తాడు. మిగిలినవాటిలోంచి ఒకటీ ఒకటీ ఏరి, మూడు చేసి, ఎవరూ అడగకముందే బంగారం చేసుకున్న కార్డు. ఈ ఆట మొత్తంలో ఆవిడ దగ్గర నిలిచింది అదొక్కటే.

"అక్కా, కావలివాడిని పంపు," అన్నాడు ప్రదీప్.

ఆవిడ వేలు కదల్చలేదు.

"అక్కా, టైము పోతంది. ఏనుగు పక్కన పెట్టుకుంటా. పంపు."

"పంపను."

ప్రదీప్ తల తిప్పి చూశాడు. ఇన్నాళ్ళలో ఆ మాట అతను వినలేదు. కోపం కంటే ముందు అతనికి నవ్వొచ్చింది. ఏమైందక్కా అన్నాడు. మహాలక్ష్మి తెర మీద నుంచి కళ్ళు తీయకుండానే చెప్పింది.

"వాళ్ళ కాడ ఉండయ్ తేళ్ళు. నీ ఏనుక్కి డాలు ఒకటే వస్తది. మొదటి కాటుకి డాలు పోద్ది, రెండో కాటుకి ఏనుగు పోద్ది. ఇక్కడుంటే నా వరసంతా చిన్నయ్యే, ఏడింటికి ఏడు డాళ్ళు. ఒక్కో డాలుకి ఒక్కో తేలు చస్తది."

"ఏనుగుకి రెండో కాటు పడేలోపల అటు పక్క ఏం మిగలదు. ఇన్నాళ్ళూ నేను చెప్పినట్టు చేస్తేనేగా గెలిచాం?"

"ఇన్నాళ్ళూ మనకి తేళ్ళు తగల్లేదు."

గదిలో ఉన్నవాళ్ళకు తేళ్ళ సంగతి అర్థం కాలేదు గానీ, ఒకరు అడుగుతున్నారు, ఒకరు ఇవ్వనంటున్నారు అన్నంతవరకు బాగా అర్థమైంది. బ్రహ్మం స్టూలు ముందుకు జరిపి, పెద్దదానికే పెట్టాలమ్మా, లాగేది అదే అన్నాడు. అడిగింది ఇచ్చేస్తే పోలా, ఇంత రచ్చెందుకు అంది లింగమ్మ. తలుపు దగ్గర నుంచి ఆంజనేయులు మెల్లగా, అంత చదువుకున్నవాడు అడుగుతన్నాడుగా, పంపరాదా అన్నాడు.

మహాలక్ష్మికి లెక్క తెలుసు. పంపి ఓడిపోతే ఖర్మ అంటారు, ప్రదీప్‌ను ఎవరూ ఏమీ అనరు. పంపకుండా ఓడిపోతే దాని మొండితనం వల్లే పోయింది అంటారు. ఆట పోతుంది, విజయవాడ పోతుంది, లింగమ్మకు ఏడాదికి సరిపడా కబురు దొరుకుతుంది. దాపటెద్దును కాటా మీద నిలబెట్టినప్పుడు అది తల దించుకుని కాటా పలక మీది సున్నపు గీతలు నాకిన సంగతి ఎందుకో గుర్తొచ్చింది.

ఆవిడ అంగడి వైపు తిరిగింది. అందులో రెండు వేటకుక్కలున్నాయి. కొనడానికి వరహాలు చాలవు, వరుసలో చోటూ లేదు. ఆవిడ వరుసలో చివర ఒక రథం ఉంది. ఆట మొదలైనప్పటి నుంచీ కాస్త కాస్తగా పెంచుకున్నది, ప్రదీప్ కంట పడకుండా దాచుకున్నది. ఏ విడతలో అయినా ఆవిడ వరుసను మోసింది ఆ రథమే. కానీ పెద్ద ఒళ్ళు ఇవాళ పనికిరాదు. ఏనుగు విషయంలో అతనికి చెప్పిన మాట తన రథానికీ వర్తిస్తుంది. రథాన్ని పట్టుకుని అమ్మకపు గడిలోకి లాగింది. దాని పక్కనే నిలబెట్టుకున్న ముసలి విలుకాడినీ లాగింది.

"రథం అమ్మావేంది?" ప్రదీప్ కుర్చీలోంచి సగం లేచాడు. "పిచ్చా అక్కా నీకు? ఇయ్యకపోతే ఇయ్యకపోయావు, ఉన్నదాన్ని కూడా తగలబెడతావా?"

ఆవిడ రెండు కుక్కలనూ కొని వరుసలో దించింది. అన్నిటికంటే బక్కదాన్ని ముందు నిలబెట్టింది. కావలివాడిని అందరికీ వెనక, చిట్టచివర పెట్టింది. టైము గీత ఎర్రబడి కుంచించుకుపోయి ఆగిపోయింది. ఇక ఎవరి చెయ్యీ పడేది లేదు. మహాలక్ష్మి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

పోరు మొదలైంది. ఆవిడ వరుసలో ఏడుగురి మీదా ఏడు డాళ్ళు మెరిశాయి. ప్రదీప్ వరుసలో ఏనుగు తొండమెత్తి ఎదురుగా ఉన్న విలుకాడిని నలిపేసింది. బ్రహ్మం తొడ చరిచాడు. ఎదురు వరుసలోంచి పాము ఒకటి వచ్చి ఏనుగు కాలు తాకింది. ఏనుగు కదల్లేదు, ఒక్కసారిగా మాయమైపోయింది, ఉన్నచోట ఖాళీ గడి మిగిలింది. బ్రహ్మం చెయ్యి తొడ మీదే ఆగింది. ప్రదీప్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఏనుగు పోయాక అతని వరుసలో బొమ్మల్లాంటివి ఒక్కొక్కటే పడిపోతున్నాయి.

ఇటు పక్క బక్క కుక్క వెళ్ళి తేలును కరిచింది. తేలు కుట్టింది. డాలు విరిగింది, తేలు చచ్చింది, కుక్క వెనక్కొచ్చి నిలబడింది. రెండో కుక్క వెళ్ళింది. మళ్ళీ అదే. మధ్యలో రెండు పోయాయి, అయినా వరుస చెదరలేదు. అవతల పాములు ఒకటొకటిగా తగ్గాయి. అవన్నీ పోయాక చివర మిగిలిన విలుకాడి మీద పడి కొరికింది మళ్ళీ ఆ బక్క కుక్కే.

అప్పటికి ప్రదీప్ వరుసలో ఒక్కడు మిగిలాడు, అవతల ముగ్గురున్నారు. మహాలక్ష్మి తెర మీద మిగిలిన కుక్కలు మొరుగుతూ గీత దాటి, బల్ల మీద పక్కనే ఉన్న ప్రదీప్ ల్యాప్‌టాపు తెరలోకి దూకాయి. వాటి వెనకే కావలివాడు నింపాదిగా నడిచి వెళ్ళాడు.

ఆట ఒక్క ముక్క అర్థం కాని లింగమ్మ లేచి నిలబడి వేలు చూపించింది. "అయ్యి మన మహాలచ్చి కుక్కలేగా? అక్కడికి ఎట్టా పోయినయ్?"

ఎవరూ చెప్పేలోపే అయిపోయింది. రెండు తెరల మీదా గెలుపు జెండా లేచింది.

అందరికీ ఒక్కసారిగా మాటలొచ్చాయి. బ్రహ్మం లేచి ప్రదీప్ వీపు తట్టాడు, ఏనుగు ముందు ఆ దెబ్బ కొట్టబట్టే నిలబడ్డాం అన్నాడు. లింగమ్మ సీతమ్మకు ఫోను చేసి, నేనప్పుడే అన్లా, అది ఆటేనని, నువ్వేగా గొలుసంటివి అంది. ప్రదీప్ ఎవరో స్నేహితుడికి ఫోనులో, గెలిచాంరా, చివర్లో కొంచెం రిస్కు తీసుకున్నాం అని చెప్పాడు. చెప్పేటప్పుడు మహాలక్ష్మి వైపు చూడలేదు.

ఆంజనేయులు తలుపు వదిలి లోపలికి వచ్చాడు. మాట అంటే మాటే, విజయవాడ పోదువు గానీలే అన్నాడు. తన పెద్దరికం తనకు కనపడాలి కదా, పక్కనున్న ప్రదీప్‌ను చూసి, ఈయన ఉంటాడుగా, చెప్పింది ఇనుకుంటా జాగర్తగా ఆడు అని కలిపాడు.

ఆ మాట ప్రదీప్‌కు ఊతమైంది. ల్యాప్‌టాపు మూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాలంటే ఏదో నడిచిందక్కా. అక్కడ పెద్దోళ్ళొస్తారు, ఇట్టా కుదరదు. విజయవాడలో మటుకు నేను ఏది అడిగితే అది వెంటనే పంపాల."

మహాలక్ష్మి ఆట మూసి, రేపటి లారీల కోసం కాటాను మళ్ళీ సున్నాకు తెచ్చి పెట్టింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"విజయవాడలో నువ్వు పంపు తమ్ముడూ. నేను తీసుకుంటా."